మహాలక్ష్మమ్మగారి వంటగది

సోఫా దగ్గరే దొరికిపోతాం. గోడలు పరవాలేదు, టైల్స్ పరవాలేదు, తలుపులు టేకువే అనిపిస్తున్నాయి, ఈ సోఫా ఒక్కటే ఏ ఇటలీలోనో పుట్టి, సాఫ్ట్‌వేర్ లైబ్రరీలోంచి తిన్నగా దిగొచ్చి, మొగల్తూరు అవతల చేపల వ్యాపారం చేసుకునే పల్లంరాజుగారి హాల్లో కూర్చుంది. దాని ముందు గాజు బల్ల, బల్ల మీద ఎవరూ చదవని ఇంగ్లీషు పుస్తకాలు, పక్కన తెల్ల పింగాణీ జింక. జింకెందుకే తల్లీ ఆ ఇంట్లో? పోయినేడు నేనే పెట్టాను. అప్పుడిది ఆశపెట్టే బొమ్మ, మీ ఇల్లు ఇలా వస్తుందండీ అని కంప్యూటర్లో గీసి చూపించే బొమ్మ, అందులో జింకలున్నా ఏనుగులున్నా ఎవరూ అడగరు. ఇప్పుడిది ఫోటో కావాలి. ఫోటోయేనని ఒక మనిషి నమ్మాలి. సాయంత్రం నాలుగింటికి పల్లంరాజుగారిని ఆస్పత్రి వార్డులోకి పోనిస్తారు, ఈలోగా నేను ఈ హాలునీ, దాని వెనక తెరిచి కనపడే వంటగదినీ మనుషులు తిరుగుతున్న ఇల్లుగా మార్చి ఆయన ఫోనుకి పంపాలి. జింకని తీసేశాను. పుస్తకాలు తీసేశాను. సోఫా పీకేసి, తణుకు షాపుల్లో దొరికే రకం మెరూన్ రంగు సోఫా పెట్టి, దాని మీద షోరూం వాడి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంచాను. కొత్త వస్తువు మీద కవరు తీసే ఇల్లు ఈ గోదావరి జిల్లాల్లో ఎక్కడుంది గనక. మా ఇంట్లో పరుపు కవరు దానంతటది చిరిగి ఊడిందాకా ఎవరూ ముట్టుకోలేదు, ఎండాకాలం పడుకుంటే వీపుకి అతుక్కుపోయేది, అయినా అమ్మ తియ్యనిచ్చేది కాదు, మాసిపోతుందే తబితా, ఉండనీ అనేది.

నిన్న ఆయన ఆఫీసుకి వచ్చేసరికి మా బాసు ఉదయభాస్కర్ గారు సైటుకి వెళ్ళారు, నేనొక్కదాన్నే ఉన్నాను. మోకాళ్ళ దాకా తడిసిన పంచె, చేతిలో ఎక్స్‌రే కవరు. కూర్చోమంటే కుర్చీ తడుస్తుందని కూర్చోలేదు. ఇల్లు స్లాబు దగ్గర ఆగిపోయిందండి అన్నాడు. ఎందుకు ఆగిందని నేనడగలేదు, ఆ కవరు చూశాక అడగడానికేముంది. ఆయన భార్య మహాలక్ష్మమ్మగారు ఇక్కడే, దానవాయిపేటలో, మా ఆఫీసుకి రెండు వీధుల అవతల ఆస్పత్రిలో ఉన్నారు. చూడవలసిన వాళ్ళని పిలిపించుకోండి అని డాక్టర్లు అందరికీ చెప్పేశారట, ఆవిడకి తప్ప. రోజూ ఆవిడ అడిగేది ఒక్కటే, ఇల్లు ఎంతవరకొచ్చింది అని. స్లాబు అయిందన్నాడు, అది నిజమే. తర్వాత గోడలు లేచాయన్నాడు. ఆ తర్వాత రంగులు వేస్తున్నారన్నాడు. "అలా అంటా అంటా ఉంటే అయిపోయిందండి మేడంగారు, ఇల్లంతా నోటితోనే కట్టేశానండి" అన్నాడు. ఆ మాటకి నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. కట్టిన ఇల్లు చూపించమంటే మేం పోయినేడిచ్చిన బొమ్మే ఫోనులో చూపించాడట, ఆవిడ దగ్గరికి పెట్టుకుని, దూరం పెట్టుకుని చూసి, ఇదెవరిల్లయ్యా, ఇందులో ఎవరూ ఉంటున్నట్టే లేదు అందట. ఇన్నేళ్ళుగా ఎన్ని ఇళ్ళు గీశాను, ఒక్క కస్టమరూ ఆ మాట అనలేదు. అందరూ సూపర్ అన్నారు. మంచం మీద ఉన్న మనిషి, గ్లాసు ఎత్తే ఓపిక లేని మనిషి, ఒక్క చూపులో పట్టేసింది. "రేపు ఊరెళ్ళి ఫోటో తీయించుకొస్తానని చెప్పేశానండి. ఫోటో తీసే అమ్మాయిని కూడా తీసుకెళ్తన్నానని చెప్పానండి. అది మీరేనండి" అని, అప్పుడు కూర్చున్నాడు, కుర్చీ తడిపేస్తూ. వద్దండీ, ఉన్నమాట చెప్పేయండి, ఆవిడ చెప్పుకోవలసినవేమైనా ఉంటే చెప్పుకుంటుంది అని నా నోటి చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. నాకేమైనా హక్కుందా ఆ మాట అనడానికి, మా అమ్మ మంచం దగ్గర నేను మాత్రం చెప్పానా.

అన్నట్టు ఎండ. ఎంత బుద్ధిలేనిదాన్ని, కిటికీలోంచి పచ్చటి ఎండ అలాగే వదిలేశాను. ఈ ఉదయం తీసిన ఫోటో అంటున్నాం, వారం నుంచి సూర్యుడి మొహం చూసినవాళ్ళు లేరు, గోదావరి ఎర్రగా ఒడ్డు ఒరుసుకుంటూ పోతోంది, ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరిక ఇచ్చారు, ఆవిడ మంచం కిటికీ పక్కనే ఉందట, పగలంతా ఆ వాననే చూస్తూ పడుకుంటుందట. సూర్యుణ్ణి ఆపేశాను. ఒక్క మీట చాలు. మబ్బు వెలుగు పెట్టగానే హాలంతా నీరసపడిపోయింది, నీడలకి అంచులు పోయాయి, గోడ రంగు చప్పబడింది, కానీ మొదటిసారి అది ఇల్లులా కనిపించింది, అదీ విచిత్రం. ఇక చెయ్యి ఆగలేదు. గుమ్మంలో మడిచిన గొడుగు, దాని కింద నీటి మడుగు, లోపలికి రెండడుగులు తడి పాదాలు. స్విచ్‌బోర్డు చుట్టూ వేళ్ళ మసక. సముద్రపు గాలికి కిటికీ ఊచల మొదట్లో తుప్పు, అక్కడ మనుషులు ఇంట్లో చేరకముందే తుప్పు చేరుతుంది. కర్టెన్ ఒక కొక్కెం వదిలేసి వేలాడేలా చేశాను. గోడకి మేకు కొట్టి క్యాలెండరు తగిలించాను, కొంచెం వంకరగా. తప్పులు చేస్తున్నకొద్దీ నిజమవుతోంది. ఇదే వెలుగు, అచ్చం ఇదే, ఆస్పత్రిలో అమ్మ గదిలో ఉండేది, పొద్దున్నో సాయంత్రమో తెలియని వెలుగు, అందులో అందరి మొహాలూ ఒకలాగే ఉండేవి, అందరూ ఒకటే మాట అనేవారు. పాస్టరు గారొచ్చి, రూతు టీచరుగారూ, వచ్చే ఆదివారం గుళ్ళో పాట మీరే ఎత్తుకోవాలండి అన్నారు. నాన్న, నీకేమే, రాయిలా ఉన్నావు అన్నాడు. నేను రిపోర్టు సంచిలో దాచి, బాగా వచ్చిందమ్మా అన్నాను. అమ్మ అన్నిటికీ తల ఊపేది. ఒకరోజు, ఆదివారం ఏ చీర కట్టుకోనే అని అడిగింది. నీలం అంచు గంధం రంగుది కట్టుకోమన్నాను. అది వద్దు, అది నువ్వుంచుకో, తెల్లది తీసి ఇస్త్రీ చేయించు అంది. చేయించాను. గుడికి వెళ్ళబోతున్నానని నమ్ముకుని ఆ పిచ్చితల్లి చీర చూసుకుంది, మేమంతా కలిసి ఆమెని మోసం చేసి పంపేశాం, ఒక్కళ్ళమూ వెళ్ళిరామ్మా అనలేదు. రెండేళ్ళయినా ఆ కోపం నాకు తగ్గలేదు, నాన్న మీద, పాస్టరు గారి మీద, ఎక్కువగా నా మీదే. మళ్ళీ ఇప్పుడు ఎవరి తల్లినో మోసం చెయ్యడానికి గోడలకి మసక పూస్తున్నాను. మంచి పనే దొరికింది నాకు.

వంటగది మాత్రం లొంగట్లేదు. గట్టు మీద నల్ల గ్రానైటు అద్దంలా ఉంది, స్టవ్వు అంగట్లోంచి ఇప్పుడే దింపినట్టుంది. ఆవిడ ముందు చూసేది వంటగదే, ఏ ఆడమనిషైనా అంతే. నూనె సీసా పెట్టాను, పోపుల డబ్బా పెట్టాను, చింతపండు జాడీ పెట్టాను, ఉహూఁ, అలంకరించినట్టుంది తప్ప కాపురం మొదలుపెట్టినట్టు లేదు. కొత్తింట్లో మొదటి రోజు వంటగది ఎలా ఉంటుంది? పోయిన వైశాఖంలో ఉదయభాస్కర్ గారి గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు చూశాను కదా. స్టవ్వు మీద గిన్నె, గిన్నె మెడకి పసుపుకొమ్ము కట్టిన దారం, పాలు పొంగి పక్కల నుంచి జారి, బర్నరు చుట్టూ మాడి గోధుమరంగు చార కట్టాయి, ఎవరో తుడవబోతే ఆయన భార్య ఇవాళ తుడవకూడదంటూ అడ్డం పడింది. ఇంతసేపూ నాకెందుకు తట్టలేదో. పైగా ఇది శ్రావణమాసం, ముహూర్తాలున్నాయి, తేదీ కూడా కుదిరింది. మా లూథరన్ ఇళ్ళల్లో పాస్టరు గారొచ్చి గుమ్మంలో ప్రార్థన చేసి, రిబ్బను కత్తిరించి, లోపలికొచ్చి ఒక కీర్తన పాడి భోజనాలకి కూర్చుంటాం. మావాళ్ళల్లోనూ పాలు పొంగించేవాళ్ళున్నారు గానీ అమ్మ మనకెందుకే అనేది. అందుకని నాకది చూడముచ్చటైన సంగతి, అంతే, దానికి ఎవరు కూర్చోవాలో, ఎవరి చెయ్యి పడాలో ఎప్పుడూ ఆలోచించలేదు. పాలు గీయడం తేలికేం కాదు. తెల్లరంగు వేస్తే సున్నంలా కనిపిస్తుంది, వెలుగు కొంచెం లోపలికి దిగి బయటికి రావాలి, అంచుల దగ్గర పల్చబడాలి, ఆరినచోట మీగడ ముడతపడాలి. ముడత వచ్చింది. మాడిన చార వచ్చింది. పసుపు దారం ఒక పోగు విడిపోయేలా కూడా చేశాను. నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది, ఎందుకబద్ధం, ఆ కాసేపు ఆవిడ జబ్బూ గుర్తులేదు, ఆయన తడి పంచే గుర్తులేదు. గీసిందంతా ఫోటోలా తేల్చే రెండర్ మీట నొక్కాను.

ఇక కూర్చోవడమే. తెరంతా ముందు ఇసక చల్లినట్టుంటుంది, తర్వాత గింజలు ఒక్కొక్కటే కరుగుతాయి, మసకలోంచి వస్తువులు తేలతాయి. లైట్లు ఒకసారి చిన్నబోయాయి, కింద యూపీఎస్ కుయ్యిమంది, కరెంటు పోయిందంటే ఇంతసేపు పడ్డదంతా గోదాట్లో పోసినట్టే. పోలేదు. బయట ఆటోవాడు నీళ్ళల్లోంచి దూసుకుపోయాడు. ఇలా ఎదురుచూడటం నాకు అలవాటే, ఆస్పత్రి బెంచీ మీద స్కాను కోసం ఎదురుచూడటం కూడా ఇలాగే ఉండేది, అక్కడా తెర మీద బూడిదరంగు గింజలే, వాటిలోంచి ఏం తేలుతుందోనని చూడటమే. మొదట సోఫా తేలింది, కవరు మీద కిటికీ వెలుగు తెల్లగా పడింది. తడి పాదాలు తేలాయి. చివరికి స్టవ్వు. చూస్తూ చూస్తూ నేను గీశానన్న సంగతి మరిచిపోయాను. ఇప్పుడే ఎవరో ఈ గదిలోంచి పెరట్లోకి వెళ్ళారు, పిలిస్తే వస్తారు. ఫోనుకి పంపాను. కాసేపటికి పల్లంరాజుగారి నుంచి రెండు చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి, వెనకే గొంతు వచ్చింది, "ఇల్లేనండి మేడంగారు, మా ఇల్లేనండి, లోపలికెళ్తన్నానండి, చూపిస్తానండి" అని. గిన్నె గురించి ఏమీ అనలేదు. చూసుండడు, చూసినా ఆ సంబరంలో తట్టుండదు. నేను టీ తెప్పించుకున్నాను, తాగలేదు. ఇంత సేపయిందేంటి, నమ్మిందా, మళ్ళీ ఎవరిల్లయ్యా అందా. ఫోను బోర్లా పెట్టాను, మళ్ళీ తిరగేసి పెట్టాను. మోగింది, ఆయన నంబరే.

"ఏమ్మా, ఫోటో తీసిన అమ్మాయివేనా?" ఆడగొంతు. పల్చగా ఉంది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "ఆయన మందులకి కిందకెళ్ళాడు. ఫోను నా దగ్గరే పెట్టి చూసుకోమన్నాడు. నువ్వు పంపిన చోటే నొక్కానమ్మా."

అవునండి అన్నాను. 

"బాగుందమ్మా ఇల్లు. వానకి గుమ్మం కూడా తడిసింది. పాలెవరు పొంగించారు?"

అప్పటికి గానీ నాకు తెలియలేదు నేను చేసిందేంటో. 

"ఇంటి ఇల్లాలు బతికుండగా ఇంకొకళ్ళు పొంగించరు కదమ్మా. ఆయన పక్కన పీట మీద ఎవరో ఒకరు కూర్చునుండాలి. ఎవరు కూర్చున్నారు? ఏమనుకోనులే, చెప్పు. శ్రావణం దాటిపోతే మళ్ళీ నేనుండనని తొందరపడుంటారు."

ఏమనుకోనులే అంటున్న ఆ గొంతులో ఎంత అనుకుందో నాకు వినిపిస్తూనే ఉంది. ఎవరి పేరు చెప్పాలి? ఆయన చెల్లెలుందో లేదో, కోడలుందో లేదో నాకేం తెలుసు, ఎవరో ఒకరి పేరు చెప్పొచ్చు, మీ ఆడపడుచండి అంటే సరిపోవచ్చు, కానీ ఏ పేరు చెప్పినా ఈవిడ ఊపిరి తీసుకుంటుండగానే ఈవిడ పీట మీద ఇంకో మనిషిని నేను కూర్చోబెట్టినట్టే. గొడుగు గీసినంత తేలిక కాదు అది. పల్లంరాజుగారు నోటితో కట్టిన ఇల్లు, పాపం ఎంత కష్టపడి కట్టుకున్నాడో, దాన్ని నేను కూలగొట్టాలి, లేదా ఈవిణ్ణి అందులోంచి బయటికి నెట్టెయ్యాలి, మూడోది లేదు.

"ఎవరూ పొంగించలేదండి" అన్నాను. "ఆ పాలు నేను గీశానండి. అది ఫోటో కాదు, కంప్యూటర్లో చేసిన బొమ్మండి. నాకు తెలియక పెట్టానండి."

అటువైపు ఎవరిదో మంచం చక్రాలు, నర్సు ఎవరినో కేకేయడం. 

"బొమ్మా?"

"అవునండి. ఇల్లు స్లాబు దగ్గరే ఉందండి."

"ఎవరూ అడుగుపెట్టలేదా అయితే, నా ఇంట్లో?"

"లేదండి."

అమ్మయ్య అంది. నాతో కాదు, తనలో తను, బరువు దించుకున్న మనిషిలా అంది.  ఏడుస్తుందేమోనని భయపడ్డాను, ఏడవలేదు, ఆయాసం తగ్గాక మెల్లగా అంది, "ఇసక దొరకట్లేదని ఊళ్ళో అందరూ మొత్తుకుంటుంటే ఈయనొక్కడికీ ఎలా దొరికిందా అనుకుంటానే ఉన్నాను. అబద్ధం ఆడటం రాదు ఆయనకి, చెవులెర్రబడిపోతాయి. ఆ గిన్నె తీసేసి మళ్ళీ పంపమ్మా. నాకు చెప్పినట్టు ఆయనతో అనకు. నేను నమ్మాననే అనుకోనీ. నమ్మకపోతే ఆ మనిషి ఏం చేస్తాడు, ఏదో ఒకటి చేతుల్తో చేసుకోవాలి కదా." తర్వాత, "వస్తన్నాడు" అని పెట్టేసింది.

నేను తెర వంక చూస్తూ కూర్చున్నాను. తెల్లది తీసి ఇస్త్రీ చేయించు. నీలం అంచుది వద్దు, అది నువ్వుంచుకో. అమ్మ ఆ నీలం అంచు చీర ఎప్పుడూ ఎవరికీ ఇచ్చేది కాదు, అడిగితే కసిరేది, దాన్ని నాకు ఉంచుకోమని చెప్పి, తెల్లది అడిగింది. ఆదివారమూ కాదు, గుడీ కాదు. తనని సమాధి పెట్టెలో పెట్టేటప్పుడు కట్టే చీర తనే చూసుకుంది, నా చేతే ఇస్త్రీ చేయించుకుంది, మడతలు సరిగ్గా ఉన్నాయో లేదో చేత్తో తడిమి మరీ చూసుకుంది, నేను పక్కనే నిలబడి ఆదివారం ఎంత బాగుంటావోనమ్మా అన్నాను. మేం మోసం చెయ్యలేదు ఆమెని. ఆమె మమ్మల్ని ఓదార్చింది, మా అబద్ధాలకి తల ఊపి ఊపి, మా పరువు నిలబెట్టి వెళ్ళింది. రెండేళ్ళు ఈ బాధని కోపం అనుకుని మోశాను. వెళ్ళిరామ్మా అని మేం అనలేదు గానీ, వెళ్ళొస్తానే అని ఆమె చెప్పనే చెప్పింది, చీర భాషలో, వినడం చేతగాలేదు నాకు. ఏడుపొచ్చింది. టీ ఇచ్చిన ఆయా చంద్రమ్మ చూసి ఏంటమ్మా అంది, కళ్ళు మంటలు, స్క్రీను వల్ల అన్నాను. చూడు, నోరు తెరిస్తే అబద్ధమే.

గిన్నె మీద నొక్కి తీసేశాను. పాలు పోయాయి, దారం పోయింది, మాడిన చార పోయింది, ఎంత కష్టపడ్డానో అంత తేలిగ్గా పోయాయి. స్టవ్వు మళ్ళీ కొత్తదైంది, ఎవరి చెయ్యీ పడలేదు. నూనె సీసా, పోపుల డబ్బా, చింతపండు జాడీ కూడా తీసేశాను, ఆవిడ సర్దుకోవలసినవి నేనెందుకు సర్దడం. రెండర్ నొక్కాను, మళ్ళీ ఇసక, మళ్ళీ గింజలు, వాన పెద్దదయింది. పంపి, పల్లంరాజుగారూ, వంటగదిలో చిన్న పొరపాటు సర్దాను, ఇది చూపించండి అని రాశాను. వెంటనే ఫోను చేశాడు, మెట్ల దగ్గర నిలబడ్డట్టున్నాడు, గొంతు గోడలకి తగిలి తిరిగొస్తోంది.

"నమ్మేసిందండి మేడంగారు. ఫోటోయే అనుకుందండి. వంటిల్లు పెద్దదే పెట్టించావయ్యా అందండి. ఆస్పత్రికొచ్చాక ఇదే నవ్వడమండి."

సంతోషమండి అన్నాను.

"నాకు ఒకటే భయమేసిందండి. ఇల్లయిపోయింది కదా, ఒక్కసారి తీసుకెళ్ళి చూపించమంటే ఏం చెప్పాలా అని రాత్రంతా నిద్దరలేదండి. దేవుడి దయండి, అడగలేదండి. ఈ వానల్లో ఎక్కడికెళ్తాంలే అందండి." రెండు మెట్లు ఎక్కిన చప్పుడైంది. "అంత ఇల్లు చూసి కూడా తీసుకెళ్ళమని ఒక్క మాట అడగలేదేంటండి మేడంగారు?"

వానలు కదండీ అన్నాను.